క్లార్క్ కథలన్నీ, అచ్చయిన వరుసలో

ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ రాసిన కథలన్నీ ఒకచోట చేర్చి వేసిన లావుపాటి పుస్తకం ఒకటుంది, 'ది కలెక్టెడ్ స్టోరీస్ ఆఫ్ ఆర్థర్ సి. క్లార్క్'. ఇంగ్లండ్‌లో 2000లో, అమెరికాలో ఆ మరుసటి ఏడు వచ్చింది. తొమ్మిది వందల పేజీలు దాటుతుంది, కథలు వందకు పైనే. 1937లో ఒక చిన్న అభిమానుల పత్రికలో వచ్చిన మొదటి కథతో మొదలై 1999లో వచ్చిన కథతో అయిపోతుంది. ఇలాంటి పుస్తకాన్ని మొదట్నుంచి చివరిదాకా ఏకబిగిన చదవొద్దనే ఎవరైనా అంటారు, మంచం పక్కన పెట్టుకో, బుద్ధి పుట్టినప్పుడు ఎక్కడో ఒకచోట తెరిచి ఒక కథ చదువుకో, మూసెయ్ అంటారు. నేను మాత్రం వరుసగా చదవమంటాను. నచ్చని కథల్ని కూడా దాటెయ్యకుండా.

ఎందుకంటే ఈ పుస్తకంలో ప్రతి కథకీ అది మొదట ఎక్కడ, ఎప్పుడు అచ్చయిందో రాసి ఉంటుంది, కొన్నింటికి క్లార్కే రెండు మూడు వాక్యాలు జోడించాడు. ఆ సంవత్సరం కూడా కథలో భాగమే. మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరులో, మనిషి చంద్రుడి మీద దిగింది 1969 జులైలో. ఈ రెండు తేదీలూ మనసులో పెట్టుకుని పేజీలు తిప్పుతుంటే, ఒక మనిషి ఊహించుకున్న చంద్రుడు, కుజుడు, శుక్రుడు మెల్లమెల్లగా నిజం చంద్రుడికి, నిజం కుజుడికి, నిజం శుక్రుడికి చోటిచ్చి తప్పుకోవడం కళ్ళకు కడుతుంది. ఉపగ్రహాల గురించి ముందే చెప్పినవాడు అని క్లార్క్‌ని అందరూ పొగుడుతారు, కానీ ఈ పుస్తకంలో అన్నిటికంటే ముందు పాతబడేవి ఆ జోస్యాలే. అవి పాతబడిపోయాక మిగిలేది ఏమిటో చూడాలంటే వరుసలోనే చదవాలి.

నాకు ఇది బాగా తెలిసొచ్చిన కథ 'బిఫోర్ ఈడెన్', 1961 జూన్‌లో వచ్చింది. శుక్రుడి మబ్బుల కింద ఏముందో అప్పటికి ఎవరూ చూడలేదు. రేడియో టెలిస్కోపులతో కొలిచినవాళ్ళు లోపల విపరీతమైన వేడి ఉండొచ్చని అంటూనే ఉన్నారు, అయినా ధ్రువాల దగ్గరన్నా కాస్త చల్లగా ఉండకపోతుందా, అక్కడన్నా నీళ్ళు నిలవకపోతాయా అనే ఆశ ఇంకా చావలేదు, ఆ ఆశ మీదే క్లార్క్ కథ కట్టాడు. దక్షిణ ధ్రువం దగ్గరకి ఇద్దరు మనుషులు బండిలో వెళ్తారు. నీళ్ళు కనిపిస్తాయి. ఆ తర్వాత చీకట్లో రాళ్ళ మీదుగా మెల్లగా పాకుతూ వచ్చే జీవం ఒకటి కనిపిస్తుంది, పరిచిన తివాచీలా ఉంటుంది, దీపం వేస్తే ఒళ్ళంతా రంగులు మారుతుంది. మొక్కా, జంతువా తెలీదు. వాళ్ళు మైమరచిపోయి చూస్తారు, మంచి పరికరాలు తెచ్చుకుని మళ్ళీ రావాలనుకుని వెళ్ళిపోతారు. ఇక్కడ ముగింపు చెప్పేస్తున్నాను, చెప్పకపోతే నా మాట సగంలో ఆగిపోతుంది. వెళ్ళేముందు వాళ్ళు బుద్ధిమంతుల్లా తమ చెత్తనంతా ఒక సంచీలో కట్టి రాళ్ళ కింద పెట్టి వెళ్తారు. ఆ తివాచీ జీవి వచ్చి దాన్ని తింటుంది. సంచీలో ఉన్నది మన భూమ్మీది సూక్ష్మజీవుల లోకం మొత్తం. శుక్రుడి మీద జీవం కథ అక్కడితో అయిపోతుంది.

ఇది అచ్చయిన ఏడాదిన్నరకి, 1962 డిసెంబరులో, అమెరికా పంపిన మారినర్ 2 నౌక శుక్రుడి పక్కనుంచి వెళ్తూ ఆ వేడి నేలదేనని తేల్చేసింది. అక్కడ సీసం కరిగిపోతుంది. ధ్రువాల్లో కూడా మినహాయింపు లేదు. అంటే కథలోని శాస్త్రం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మరి కథ? అది ఒక్క పిసరు కూడా చెడలేదు. 1975లో కుజుడికి వైకింగ్ నౌకల్ని పంపే ముందు వాటిని ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపారు. గురుడి చుట్టూ తిరిగిన గెలీలియో నౌకని 2003లో, శని చుట్టూ తిరిగిన కసీనిని 2017లో ఆయా గ్రహాల్లోకే దూకించి కాల్చేశారు, వాటి ఉపగ్రహాల్లో మంచు కింద నీళ్ళున్నాయి, ఏమో అక్కడ ఏమైనా బతికి ఉంటే మన మురికి దానికి అంటకూడదని. నేను కసీని చివరి రోజు వార్తలు చూస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది ఈ కథలోని సంచీయే. క్లార్క్ కావాలంటే తర్వాతి ముద్రణల్లో శుక్రుణ్ణి తీసేసి ఇంకో గ్రహం పేరు పెట్టుకోవచ్చు. పెట్టలేదు. అప్పటికి తెలిసింది అదే, దాన్నే రాశాను అన్నట్టు వదిలేశాడు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

మొదటి కథలకొస్తే అవి కుర్రాడి కథలు, అంతే. 'ట్రావెల్ బై వైర్!' నాటికి క్లార్క్‌కి ఇరవై ఏళ్ళు. మనుషుల్ని టెలిఫోన్ తీగల మీదుగా పంపించడం ఎలా మొదలైందో ఎవరో పెద్దాయన తీరిగ్గా చెప్తున్నట్టు ఉంటుంది, నవ్వించడానికే రాశాడు. పుట్టింది ఇంగ్లండ్‌లో సముద్రం పక్కన మైన్‌హెడ్ అనే ఊళ్ళో. లండన్ వచ్చి ప్రభుత్వ ఆఫీసులో లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం, సాయంత్రాలు రాకెట్ల పిచ్చి ఉన్న మిత్రులతో బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ కబుర్లు. యుద్ధం వచ్చింది, వైమానిక దళంలో రాడార్ మీద పనిచేశాడు, మబ్బు పట్టి ఏమీ కనిపించని వేళ విమానాన్ని నేల మీది నుంచి మాటలతో దింపే రాడార్ అది. ఆ యుద్ధం అయిపోయిన నెలల్లోనే, 1945 అక్టోబరులో, 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలు నిలిపితే ప్రపంచమంతా ప్రసారాలు అందుతాయని ఆ ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఆ మరుసటి ఏడు మే నెలలో అమెరికా పత్రిక 'అస్టౌండింగ్'లో 'రెస్క్యూ పార్టీ' వచ్చింది. సూర్యుడు పేలిపోబోతున్నాడని తెలిసి ఎక్కడినుంచో కొందరు గ్రహాంతరవాసులు మనల్ని కాపాడటానికి వస్తారు, భూమ్మీద చూస్తే పురుగు కూడా ఉండదు. వరుసలో చదువుతూ వచ్చినవాళ్ళకి ఈ కథ దగ్గర ఒక్కసారిగా లైటు వెలిగినట్టు ఉంటుంది, కుర్రతనం పోయింది, రచయిత వచ్చాడు. ఇదే నీ కథల్లో గొప్పది అని ఎవరైనా అంటే మాత్రం క్లార్క్‌కి నచ్చేది కాదు, అమ్ముడుపోయిన మొదటి కథే గొప్పదంటే ఆ తర్వాత రాసినదంతా దిగజారుడేనా అని.

1948 నుంచి 1955 దాకా ఉన్న పేజీలు ఈ పుస్తకానికి ఆయువుపట్టు. అక్కడ నేను చదివే వేగం పడిపోయింది, కథ అయ్యాక వెంటనే ఇంకోటి మొదలుపెట్టబుద్ధి కాలేదు. 'ది సెంటినెల్' తెలుసుగా, '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాకి విత్తనం. దాన్ని 1948లో బీబీసీ వాళ్ళ కథల పోటీకి రాసి పంపితే ఏ బహుమతీ రాలేదు. 'ది స్టార్'ని అబ్జర్వర్ పత్రిక పోటీకి రాశాడు, క్రీస్తుశకం 2500 అనేది పోటీలో ఇచ్చిన అంశం, దానికీ ఏమీ రాలేదు. ఆ రెండో కథకే 1956లో, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. పోటీలకి కథలు పంపి ఫలితాల పేజీలో పేరు వెతుక్కుని డీలా పడే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు, వాళ్ళందరికీ ఈ సంగతి చెప్తుంటాను.

'ది సెంటినెల్'లో నాకు అన్నిటికన్నా నచ్చేది గ్రహాంతరవాసులు వదిలివెళ్ళిన పిరమిడ్ కాదు, సాసేజ్‌లు. చంద్రుడి మీద ఒక విశాలమైన మైదానం, చుట్టూ కొండలు, ట్రాక్టర్ లాంటి బండిలో కొంతమంది పరిశోధకులు. కథ చెప్పే భూగర్భ శాస్త్రవేత్త పొద్దున్నే టిఫిన్‌కి పెనం మీద సాసేజ్‌లు వేయిస్తుంటాడు, రేడియోలో భూమి నుంచి పాట వస్తుంటుంది, అవి ఎర్రగా వేగేదాకా నిలబడి ఉండాలి కదా, ఊరికే కిటికీలోంచి కొండల వైపు చూస్తుంటే దూరంగా ఒక శిఖరం మీద ఏదో లోహం తళుక్కుమంటుంది. అంతే. మనిషి చరిత్రలో అంత పెద్ద విషయం వంటింట్లో నిలబడి ఉన్నవాడి కంటపడుతుంది. క్లార్క్ ఎప్పుడూ ఇలాగే చేస్తాడు. అతని పాత్రలు వీరులు కారు, పని చేసుకునేవాళ్ళు. రీడింగులు నోట్ చేసుకుంటారు, వాల్వులు బిగిస్తారు, డ్యూటీ ఎప్పుడు అయిపోతుందా అని గడియారం చూసుకుంటారు. అంతటి శూన్యంలో అంత మామూలుగా ఉండటమే ఆ కథల బలం.

'ది స్టార్' గురించి ఎక్కువ చెప్పను, చదవనివాళ్ళకి అది పాడుచేస్తే పాపం. ఒక జెసూట్ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త కూడా, ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం దగ్గరికి వెళ్ళి తిరిగి వస్తుంటాడు. అతని గదిలో కంప్యూటర్ పైన గోడకి సిలువ ఉంటుంది. ఆ నక్షత్రం చుట్టూ ఒకప్పుడు బతికినవాళ్ళు తాము అంతమైపోతామని ముందే తెలిసి, తమ బొమ్మలూ సంగీతమూ చిత్రాలూ అన్నిటికన్నా దూరాన ఉన్న గ్రహం మీద దాచి పోయారు. ఆ చిత్రాల్లో ఒకదాంట్లో నీలి రంగు ఇసుక ఉన్న సముద్రపు ఒడ్డున పిల్లలు ఆడుకుంటుంటారు. ఆ ఒక్క వాక్యం చాలు, తర్వాత వచ్చే లెక్క ఎంత బరువైనదో మనకి అర్థం కావడానికి. కథంతా ఒక తేదీని లెక్కగట్టడమే. దేవుణ్ణి నమ్మే మనిషి వైపు నిలబడి, అతన్ని ఎక్కడా చిన్నబుచ్చకుండా, అతనికి అంత కష్టమైన ప్రశ్న ఎదురుపెట్టడం నమ్మకం లేని రచయితకి ఎంత కష్టమో ఊహించుకోండి.

'ది నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్' (1953) దగ్గరకొచ్చేసరికి నాకు మా అమ్మమ్మ గుర్తురాకుండా ఉండదు. కథ ఏమిటంటే టిబెట్‌లో ఒక మఠంలోని లామాలు దేవుడి పేర్లన్నీ రాస్తుంటారు. వాళ్ళదైన లిపి ఒకటి ఉంది, అందులో తొమ్మిది అక్షరాలకి మించకుండా వచ్చే పేర్లన్నీ రాసేస్తే అందులోనే దేవుడి అసలు పేర్లన్నీ వచ్చేస్తాయని వాళ్ళ నమ్మకం. చేత్తో రాస్తే పదిహేను వేల ఏళ్ళు పడుతుంది, అందుకని అమెరికా నుంచి ఒక కంప్యూటర్ని అద్దెకి తెచ్చుకుంటారు, వంద రోజుల్లో అయిపోతుంది. యంత్రంతో పాటు వచ్చిన ఇంజనీర్లు ఇద్దరూ ఇదంతా చాదస్తం అనుకుంటారు. పాశ్చాత్య పాఠకులకి ఇది వింత ఆచారంలా కనిపించి ఉంటుంది. రామకోటి రాసే ఇంట్లో పెరిగినవాడికి వింతేముంది? మా అమ్మమ్మ ఎర్ర సిరాతో గళ్ళ పుస్తకాల్లో గడికొక 'శ్రీరామ' రాస్తూ ఉండేది, వంట అయ్యాక, కరెంటు పోతే కిరసనాయిలు దీపం దగ్గర. నిండిన పుస్తకాలు భద్రాచలం వెళ్ళేవాళ్ళతో పంపేది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈ కథ ఆవిడకి తెలుగులో చెప్పాను, పేర్లన్నీ రాయడం పూర్తయితే సృష్టి పని అయిపోయినట్టేనని ఆ లామాలు అనుకుంటారు అని. రాస్తున్న కలం ఆపకుండానే విని, "మిషనుతో రాయిస్తే ఎలారా నాన్నా, రాసే చెయ్యేది?" అంది. క్లార్క్ కథకి నేను చూసిన విమర్శల్లో అంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. ఆ కథలోని పెద్ద లామాకి మాత్రం చెయ్యి ముఖ్యం కాదు, పని పూర్తి కావడమే ముఖ్యం. ఆఖరి వాక్యం ఎంత మామూలు మాటల్లో ఉంటుందో, చదివాక ఎంతసేపు పట్టుకుని వదలదో మీరే చూడండి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి నేను చేతికిచ్చే కథ వేరే ఉంది, 'సుపీరియారిటీ', 1951. ఓడిపోయిన సైన్యాధికారి ఒకడు జైల్లోంచి వాంగ్మూలం ఇస్తుంటాడు. వాళ్ళు ఓడిపోయింది శత్రువు గొప్పవాడవడం వల్ల కాదు, తమ ఆయుధాలే మరీ గొప్పవి కావడం వల్ల. ఉన్నవి బాగానే పనిచేస్తుంటే కొత్త శాస్త్రవేత్త వచ్చి వాటి తయారీ ఆపించి ఇంకా మంచివి మొదలుపెట్టిస్తాడు, అవి వచ్చేలోపు చేతిలో ఏమీ ఉండదు. యుద్ధాన్ని మొత్తం లెక్కగట్టే యంత్రం ఒకటి తయారుచేస్తారు, దాంట్లో దాదాపు పది లక్షల వాక్యూమ్ ట్యూబులు, నడపడానికి అయిదు వందల మంది నిపుణులు, వాళ్ళున్న నౌకనే శత్రువు పేల్చేస్తే ఇంక నడిపేవాడు లేడు. ఆఖరున పెట్టిన కొత్త పరికరం నౌకల్ని కంటికి కనపడనంత కొద్దిగా వంచేస్తుంది, దాంతో ఒక నౌకలోని నట్టు ఇంకో నౌకలో పట్టదు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట పాత సిస్టమ్ నడుస్తుండగానే కొత్తది మొదలుపెట్టి, అది సగంలో ఉండగా ఇంకా కొత్తదానికి మారి, రిలీజ్ ముందు రాత్రుళ్ళు రెండూ ఒకదానికొకటి అతకక మేమంతా పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆ రోజుల్లో టీమ్‌లో అందరికీ ఈ కథ పంపించాను. డెబ్బై ఏళ్ళ నాటి కథ, ఒక్క పదం మార్చకుండా మీటింగ్‌లో చదవొచ్చు.

అన్నీ బాగున్నాయని చెప్పను. 'టేల్స్ ఫ్రమ్ ది వైట్ హార్ట్' వరుస ఉంది, లండన్‌లో ఒక పబ్‌లో కూర్చుని హ్యారీ పర్విస్ అనే ఆయన చెప్పే కోతలు. క్లార్క్ మిత్రులు నిజంగా కలుసుకునే పబ్ పేరు వైట్ హార్స్, దాన్నే కొద్దిగా మార్చాడు. ఒకటి రెండు చదివితే సరదాగా ఉంటాయి, వరుసపెట్టి చదివితే ఒకే పెళ్ళిభోజనం వారం రోజులు తిన్నట్టుంటుంది. కేవలం ఆఖరి వాక్యంలో పేలే మాట కోసమే రాసిన పేజీ, పేజీన్నర కథలు కూడా చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద లోటు ఆడవాళ్ళు. ఇన్ని వందల పేజీల్లో, సౌరకుటుంబం అంతా తిరిగొచ్చినా, ఒక ఆడమనిషి తన పని తాను చేస్తూ కనిపించే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాలం పత్రికలు అలాంటివే అని సరిపెట్టుకోవచ్చు గానీ నాకు సరిపోదు, నక్షత్రాల అవతలి దాకా ఊహించగలిగినవాడు పక్క గదిలో మనిషిని ఊహించలేకపోయాడే అనిపిస్తుంది.

1956లో క్లార్క్ సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వచ్చి స్థిరపడిపోయాడు, 2008లో కొలంబోలోనే పోయాడు. సముద్రంలో డైవింగ్ పిచ్చి తెచ్చింది అతన్ని అక్కడికి. ఆ తర్వాతి కథల్లో నీళ్ళు, ఈత, బరువు తెలియకుండా తేలడం ఎక్కువవుతాయి, అంతరిక్షం గురించి రాస్తున్నప్పుడు కూడా. మనవాళ్ళు తప్పకుండా చదవాల్సిన కథ ఈ కాలంలోనే వచ్చింది, 'ఐ రిమెంబర్ బాబిలాన్', 1960. కథ చెప్పేది క్లార్కే, తన పేరుతోనే. కొలంబోలో ఒక రాయబార కార్యాలయం విందులో ఒక అమెరికన్ పరిచయమై, మీరు 1945లో చెప్పిన ఉపగ్రహాన్ని మేం నిజం చేస్తున్నాం అంటాడు. అమెరికా మీదకి నేరుగా టీవీ ప్రసారాలు, ఏ ప్రభుత్వమూ అడ్డుకోలేనివి, వెనకాల డబ్బు చైనాది. ముందు జనాన్ని అలవాటు చెయ్యడానికి బూతు బొమ్మలు, ఆ తర్వాత ప్రచారం. నమూనాగా అతను చూపించే సినిమా కోణార్క సూర్యదేవాలయం శిల్పాలది. కళ అని పేరు పెట్టి ఏదైనా చూపించొచ్చు అన్నది అతని ఎత్తు. ఇవాళ ఫోన్‌లో వచ్చి పడుతున్నదంతా చూస్తూ ఈ కథ చదివితే గుండె గుభేలుమంటుంది.

కానీ ఈ కథకి అసలు జవాబు మన దగ్గర ఉంది. 1975 ఆగస్టు 1న సైట్ అనే ప్రయోగం మొదలైంది. నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకి నేరుగా టీవీ కార్యక్రమాలు అందించింది, ఏడాది పాటు. ఆ ఆరింట్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. మూడు మీటర్ల డిష్‌లు, కోళ్ళ గూళ్ళకి కట్టే ఇనప వల లాంటి దాంతో చేసినవి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్ళకి వ్యవసాయం, ఆరోగ్యం. హైదరాబాద్‌లో దూరదర్శన్ ప్రసారాలు మొదలైంది 1977లో అని గుర్తుపెట్టుకుంటే, మన పల్లెటూళ్ళు నగరం కన్నా ముందే ఆకాశం నుంచి టీవీ చూశాయన్నమాట. ఆ రోజుల్లోనే ఇస్రో ఇంజనీర్లు కొలంబో వెళ్ళి క్లార్క్ ఇంట్లో కూడా ఒక డిష్ బిగించారు. తను భయపడుతూ రాసిన యంత్రమే పక్క దేశంలో నాట్లు ఎలా వెయ్యాలో చెప్పడం ఆయన ఇంట్లో కూర్చుని చూశాడు. నేను ఈ కథని ఎవరికి చెప్పినా ఈ రెండో సగం కూడా కలిపే చెప్తాను.

1971 దగ్గర రెండు కథలు పక్కపక్కన ఉంటాయి, ఈ పుస్తకానికి శిఖరం అవే అని నా అభిప్రాయం. 'ఎ మీటింగ్ విత్ మెడూసా'కి నెబ్యులా అవార్డు వచ్చింది, అదీ సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చేదే. ఫాల్కన్ అనే ఆయన బెలూన్‌లో గురుగ్రహం మబ్బుల్లోకి దిగుతాడు. గురుడి గాలిలో ఎక్కువ భాగం హైడ్రోజనే, అంతకన్నా తేలికైన వాయువు లేదు, మరి బెలూన్‌లో ఏం నింపి తేల్చాలి? అదే హైడ్రోజన్‌ని వేడి చేసి. ఈ చిన్న లెక్క ఎంత ముచ్చటగా ఉంటుందో! దానికి తోడు ఊరంత పెద్ద జీవులు, జెల్లీఫిష్‌లా మబ్బుల్లో తేలుతూ, ఇదంతా మనం అక్కడికి ఏమీ పంపకముందు. 1995 డిసెంబరులో గెలీలియో నౌక వదిలిన పరికరం నిజంగా ఆ మబ్బుల్లోకి దిగి, గంటసేపు కూడా గడవకముందే మూగబోయింది. ఫాల్కన్ ఎలాంటివాడో కథ చివర్లో తెలుస్తుంది, అది మాత్రం చెప్పను.

రెండోది 'ట్రాన్సిట్ ఆఫ్ ఎర్త్'. కుజుడి మీద నిలబడితే సూర్యబింబం మీదుగా మన భూమి చిన్న నల్లచుక్కలా దాటిపోవడం ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది, ఇది కల్పన కాదు, 1984 మే 11న నిజంగానే జరిగింది, చూడటానికి అక్కడ మనిషి లేడంతే. మళ్ళీ 2084 నవంబరులో. కథలో ఒక మనిషి ఉన్నాడు. ఆక్సిజన్ అయిపోవస్తోంది, తిరిగి వెళ్ళే దారి లేదు, ఆ సంగతి అతనికి తెలుసు. అయినా టెలిస్కోప్ దగ్గర కూర్చుని సెకన్లతో సహా వేళలు చెప్తూ టేపు మీద రికార్డు చేస్తుంటాడు. 2012 జూన్ 6న పొద్దున్నే మా మేడ మీద ఫిల్టర్ కళ్ళద్దాలు పెట్టుకుని సూర్యుడి మీద శుక్రుడి చుక్కని చూశాను, మబ్బులు తెరిపిచ్చిన కాసేపూ. అంత పెద్ద ప్రపంచం అంత చుక్కగా కనపడటం చూశాక ఈ కథని మళ్ళీ చదివితే, అతను చూస్తున్న చుక్కలో మనందరం ఉన్నామన్నది ఇంకోలా తగులుతుంది. సాసేజ్‌లు వేయించుకుంటున్న మనిషికీ ఇతనికీ మధ్య ఇరవై మూడేళ్ళు, కానీ ఇద్దరిదీ ఒకటే పద్ధతి. లోకం ఏమైపోతున్నా కంటికి కనబడినదాన్ని సరిగ్గా చూసి, చూసినట్టు చెప్పడం. క్లార్క్ శాస్త్రం పాతబడ్డాక మిగిలేది ఇదే అని నాకు ఈ కథ దగ్గరే తట్టింది.

ఆ తర్వాత కథలు బాగా తగ్గిపోతాయి, నవలల వైపు వెళ్ళిపోయాడు. 1997లో స్టీఫెన్ బాక్స్‌టర్ అనే ఇంకో సైన్స్ ఫిక్షన్ రచయితతో కలిసి 'ది వైర్ కంటిన్యుయమ్' రాశాడు, అరవై ఏళ్ళ కిందటి తన మొదటి కథని మళ్ళీ చేతిలోకి తీసుకుని. ఆఖరిది 'ఇంప్రూవింగ్ ది నైబర్‌హుడ్', 1999 నవంబరులో 'నేచర్' అనే సైన్స్ పత్రికలో వచ్చింది, ఆ పత్రిక అచ్చువేసిన మొట్టమొదటి కల్పిత కథ అదే. ఎవరో దూరాన ఉన్నవాళ్ళు, తమని తాము పేల్చేసుకున్న ఒక జాతి గురించి చల్లగా మాట్లాడుకుంటుంటారు. ఆ జాతి ఎవరో చెప్పక్కర్లేదు. 1946లో మన కోసం పరుగెత్తుకొచ్చిన గ్రహాంతరవాసుల్ని చదివినవాళ్ళకి ఈ మార్పు ఎంత చేదుగా ఉంటుందో!

అంత లావు పుస్తకం వద్దనుకుంటే 'రెస్క్యూ పార్టీ', 'సుపీరియారిటీ', 'ది స్టార్', 'బిఫోర్ ఈడెన్', 'ట్రాన్సిట్ ఆఫ్ ఎర్త్' ఈ వరుసలోనే చదవండి. పదో తరగతి దాటిన పిల్లలుంటే 'ది విండ్ ఫ్రమ్ ది సన్' ఇవ్వండి, ఎండ తోపుడుతో తెరచాప పడవలు అంతరిక్షంలో పందెం వేసుకునే కథ, భౌతికశాస్త్రం మీద ఇష్టం పుట్టకపోతే అడగండి.

ఒక కోరిక మాత్రం చెప్పి ఆపుతాను. తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసినవాళ్ళు ఉన్నారు, వారపత్రికల్లో వచ్చిన కథలు తర్వాత సంపుటాలుగానూ వచ్చాయి, కానీ నా దగ్గరున్న చాలా సంపుటాల్లో ఏ కథ ఏ ఏడాదిదో ఉండదు. టెలిఫోన్ ఉన్న ఇల్లే అరుదైన కాలంలో రాసిందో, సెల్‌ఫోన్ వచ్చాక రాసిందో తెలియకుండా సైన్స్ ఫిక్షన్ కథని ఎలా కొలవాలి? ప్రచురించేవాళ్ళు దయచేసి ప్రతి కథ చివరా పత్రిక పేరు, నెల, సంవత్సరం వెయ్యండి, కథల్ని ఆ వరుసలోనే పేర్చండి.